కొనేవాడు ఒక్కడే: నేల మీద నడిచే సైనిక రోబోల వ్యాపారం

అమెరికాలో ఐరోబోట్ అనే కంపెనీ ఉంది. ఇల్లు ఊడ్చే రూంబా యంత్రం వాళ్లదే. 2016లో ఆ కంపెనీ తన సైనిక విభాగాన్ని అమ్మేసింది. ఆ విభాగం చేసేది ప్యాక్‌బాట్. గొలుసు పట్టాల మీద పాకుతూ వెళ్లి, చేయి చాచి బాంబును తడిమి చూసే చిన్న బండి అది. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో అవి రెండు వేలకు పైగా పనిచేశాయి. అంత పేరున్నా విభాగానికి పలికిన ధర మహా అయితే 4.5 కోట్ల డాలర్లు. ఆ తర్వాత దాని పేరు ఎండెవర్ రోబోటిక్స్‌గా మారింది. మూడేళ్లు తిరిగేసరికి, 2019లో, దాన్నే ఫ్లిర్ సిస్టమ్స్ అనే మరో కంపెనీ 38.5 కోట్ల డాలర్లు పోసి కొన్నది. ఈ మూడేళ్లలో యంత్రమేమీ ఎనిమిదింతలు మెరుగుపడలేదు. 2017లో అమెరికా సైన్యం దగ్గరి నుంచి 1,200కు పైగా రోబోలకు 15.85 కోట్ల డాలర్ల కాంట్రాక్టు దొరికింది. ఆ విభాగం ధరను మార్చింది ప్రధానంగా ఆ కాగితమే.

ఈ లెక్క నంద్యాల జిల్లా కోయిలకుంట్ల వాళ్లకెందుకంటే, రక్షణ పరిశ్రమ మన వాకిట్లోకి వచ్చేసింది. కర్నూలు నుంచి నంద్యాలకు వచ్చే దారిలోని ఓర్వకల్లు మండలం పాలకొలను దగ్గర డీఆర్‌డీవో వారి నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్ ఉంది. 2025 ఏప్రిల్ 13న 30 కిలోవాట్ల లేజర్ ఆయుధంతో డ్రోన్‌ను కూల్చి చూపించింది అక్కడే. అదే ఏడాది జులైలో డ్రోన్ మీది నుంచి వదిలే యూఎల్‌పీజీఎం–వీ3 క్షిపణిని పరీక్షించిందీ అక్కడే. ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ కడతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. దాంతో నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల పిల్లల్లో ఇంజనీరింగ్ చదివిన ప్రతివాడి నోటా డ్రోన్ మాటే. నేల మీద నడిచే రోబోల ఊసు ఎత్తేవాళ్లు తక్కువ. డ్రోన్లంత సులువుగా ఇవి ఎందుకు అమ్ముడుపోవో, ఎవరు ఏ దారిలో డబ్బు చేసుకున్నారో, ఎవరు చేతులు కాల్చుకున్నారో, మన దగ్గరి చిన్న తయారీదారుకు ఇందులో చోటుందో లేదో చూద్దాం.

మొదట పని కష్టం సంగతి. ఆకాశంలో అడ్డం వచ్చేవి కొన్నే. నేల మీద గట్టు, గుంత, ముళ్లకంప, కాలవ, మెట్లు, బురద అన్నీ అడ్డమే. డ్రోన్ పైన ఉంటుంది కాబట్టి దానికి రేడియో సిగ్నల్ నేరుగా అందుతుంది. నేల మీది బండి ఒక మిట్ట దాటి పల్లానికి దిగితే చాలు, సిగ్నల్ తెగుతుంది. రష్యా తన యురాన్–9 సాయుధ రోబోను సిరియాకు తీసుకెళ్లినప్పుడు ఇదే బయటపడింది. దాదాపు మూడు కిలోమీటర్ల దూరం నుంచి నడపాల్సిన బండి, ఇళ్ల మధ్యకు వెళ్లేసరికి 300–500 మీటర్ల లోపే చేయి జారిపోయిందని 2018లో రష్యన్ నిపుణులే చెప్పుకున్నారు. తుపాకీ బిగించిన బండి మాట వినకపోతే అది శత్రువుకు ఎంత ప్రమాదమో మనకూ అంతే.

మన దేశంలో మొదటి పేరున్న నేల రోబో దక్ష్. పుణేలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఆర్ అండ్ డీఈ దీన్ని తయారుచేసింది. 500 మీటర్ల దూరం నుంచి నడపొచ్చు. ఒకసారి చార్జి చేస్తే మూడు గంటలు పనిచేస్తుంది. మెట్లెక్కుతుంది, ఎక్స్‌రే తీస్తుంది, నీటి ధారతో బాంబును విడగొడుతుంది. 2011 డిసెంబర్‌లో తొలి విడతగా ఐదింటిని సైన్యానికి అప్పగించారు. ఇచ్చిన ఆర్డరు మొత్తం 20. ఆ 20 కోసం టాటా మోటార్స్, భారత్ ఎలక్ట్రానిక్స్, డైనలాగ్, థీటా కంట్రోల్స్ కలిసి పనిచేయాల్సి వచ్చింది. 20 బండ్లకు నాలుగు కంపెనీలు. డిజైన్ ఖర్చు, అచ్చుల ఖర్చు, పరీక్షల ఖర్చు ఇరవై ముక్కల మీద పంచితే ఒక్కో ముక్కకు ఎంత పడుతుందో వ్యాపారం తెలిసినవాడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. దక్ష్ మంచి యంత్రమే. అయినా దాని చుట్టూ ఒక పరిశ్రమ పుట్టలేదు.

రెండో కథలో తెలుగు గడ్డకూ భాగముంది. మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ అని అందరూ పిలిచే ఎద్దుమైలారం కర్మాగారం 1980లలో మొదలైంది. సైన్యం వాడే బీఎంపీ–2 పదాతిదళ వాహనాలను అక్కడే తయారుచేస్తున్నారు. ఆ బీఎంపీ–2 మీదే చెన్నై ఆవడిలోని డీఆర్‌డీవో ప్రయోగశాల సీవీఆర్‌డీఈ ముంత్ర అనే మానవరహిత వాహనాన్ని తయారుచేసి 2017లో చూపించింది. నిఘాకు ఒకటి, మందుపాతరలు కనిపెట్టడానికి ఒకటి, అణు, జీవ, రసాయన ముప్పు ఉన్నచోట తిరగడానికి ఒకటి, ఇలా మూడు రకాలు చేశారు. ఆలోచన మంచిది. ఇప్పటికే వేల కొద్దీ ఉన్న బండికి కొత్త మెదడు పెడితే తయారీ ఖర్చూ, విడిభాగాల బెడదా రెండూ తగ్గుతాయి. అయితే ప్రదర్శన దాటి పెద్ద ఆర్డరు దాకా అది రాలేదు. నా మటుకు నాకు ముంత్ర దారే మన దేశానికి సరిపడేదనిపిస్తుంది. కొత్త బండి కంటే పాత బండికి కళ్లూ చెవులూ అమర్చడం మనకు చేతనైన పని.

మూడోది కంచరగాడిద. సరిహద్దు కొండల్లో సామాను మోయడానికి వంద రోబో కంచరగాడిదలు కావాలని సైన్యం 2023 జనవరిలో టెండరు పిలిచింది. ఏరోఆర్క్ అనే కంపెనీ వాటిని సరఫరా చేసింది. 2025 జనవరి 15న పుణేలో జరిగిన సైనిక దినోత్సవ కవాతులో అవి నాలుగు కాళ్ల మీద నడిచి అందరి ఫోన్లలోకీ ఎక్కాయి. ఇవి మోసేది పదిహేను కిలోల లోపే. అసలు కంచరగాడిద దానికి నాలుగైదింతలు మోస్తుంది, గడ్డి తిని బతుకుతుంది. కాబట్టి వీటి అసలు పని బరువులు మోయడం కంటే కెమెరా తగిలించుకుని మూల తిరిగి చూసి రావడమే అనుకోవాలి.

అమెరికా మెరైన్లు ఈ పాఠాన్ని డబ్బు పోసి నేర్చుకున్నారు. బోస్టన్ డైనమిక్స్ చేసిన ఎల్‌ఎస్3 నూటఎనభై కిలోల దాకా మోయగలిగేది. కానీ ఇంజను చప్పుడు కొండ అవతలికి వినపడేది. 2015 చివర్లో దాన్ని పక్కన పెట్టేశారు. ఆ కంపెనీ ఆ తర్వాత గూగుల్ చేతి నుంచి సాఫ్ట్‌బ్యాంక్‌కు, అక్కడి నుంచి 2021లో హ్యుందాయ్‌కి మారింది. మూడు పెద్ద సంస్థలు చేతులు మార్చుకున్నా సైన్యం అనే కొనుగోలుదారు నమ్మకంగా నిలబడలేదు. 2025లో అమెరికా సైన్యం రోబో యుద్ధవాహనం కోసం టెక్స్‌ట్రాన్ వారి రిప్‌సా ఎం3ని ఎంచుకుంది, ఎంచుకున్న కొన్నాళ్లకే మొత్తం పథకాన్నే ఆపేసింది. ఏళ్ల తరబడి పెట్టుబడి పెట్టినవాడికి ఒక్క మెమోతో పని అయిపోయింది.

మరి ఎవరు నిలబడ్డారు? నాకు ఆసక్తిగా అనిపించేది ఎస్టోనియా. జనాభా 13 లక్షలు, అంటే 2011 జనగణన లెక్కన మన నంద్యాల జిల్లాకన్నా తక్కువ. 2013లో అక్కడ మిల్రెమ్ రోబోటిక్స్ పుట్టింది. వాళ్ల థెమిస్ బండి చూడ్డానికి సాదాసీదా. రెండు వైపులా గొలుసు పట్టాలు, మధ్యలో ఖాళీ బల్ల. ఆ బల్ల మీద ఏమి పెట్టాలో కొనేవాడిష్టం. స్ట్రెచరా, మందుగుండా, తుపాకీ మంటపమా, ఏదైనా బిగించుకోవచ్చు. తుపాకులు చేసే కంపెనీలు తమ సరుకు దీని మీద పెట్టి చూపించుకోవడానికి క్యూ కట్టాయి. 2019లో ఎస్టోనియా సైనికులు దాన్ని ఆఫ్రికాలోని మాలికి తీసుకెళ్లి వాడారు. సొంత సైన్యం వాడిందన్న మాట బయటి దేశాల్లో అమ్ముకోవడానికి పనికొచ్చింది. 2023లో అబుదాబికి చెందిన ఎడ్జ్ గ్రూపు మిల్రెమ్‌లో మెజారిటీ వాటా కొన్నది.

నేల మీద తమంతట తాము నడిచే బండ్ల తెలివి ఎక్కడిదో ఆరా తీస్తే మన రాయలసీమకూ ఒక దారం దొరుకుతుంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు వ్యవస్థాపక డైరెక్టర్ అయ్యారు. తనంతట తాను రోడ్డు చూసుకుని నడిచే నవ్‌ల్యాబ్ వాహనాలు 1980లలో వచ్చింది అక్కడే. రాళ్లూ రప్పలూ దాటే క్రషర్ అనే సైనిక బండిని 2006లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా కోసం చేసిందీ ఆ విశ్వవిద్యాలయపు కేంద్రమే. రాజ్‌రెడ్డికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మన పిల్లల్లో చాలామందికి ఈ పేరు తెలియకపోవడం పాఠ్యపుస్తకాల లోటే అనుకుంటాను.

ఇక ఉక్రెయిన్. ఈ వ్యాపారాన్ని తలకిందులు చేసింది ఆ యుద్ధమే. అక్కడ ఆకాశమంతా చిన్న డ్రోన్లు తిరుగుతుంటే, ముందు వరుసకు నీళ్లు, తూటాలు చేర్చే లారీ కనపడితే చాలు, కొట్టేస్తారు. గాయపడినవాణ్ని మోసుకెళ్లే నలుగురూ ఒకేసారి బలి. అందుకని సామాను మోయడానికి, గాయపడినవాళ్లను లాక్కురావడానికి, మందుపాతరలు పరచడానికి నేల రోబోలు దిగాయి. 2024 డిసెంబర్‌లో ఖార్కివ్ ప్రాంతంలోని లిప్ట్సీ దగ్గర ఖార్తియా బ్రిగేడ్ ఒక్క సైనికుణ్నీ ముందుకు పంపకుండా నేల రోబోలతో, డ్రోన్లతోనే దాడి చేసింది. 2025 సంవత్సరానికి 15,000 నేల రోబోలు కావాలని ఉక్రెయిన్ రక్షణ శాఖ లెక్క వేసుకుంది. అక్కడ తయారయ్యేవి దక్ష్‌లాంటివి కావు. గ్యారేజీలో బిగించిన చట్రాలు, ఎలక్ట్రిక్ బండ్ల మోటార్లు, అంగళ్లలో దొరికే కెమెరాలు. శత్రువు రేడియోను చెడగొడితే వెనకాల సన్నటి ఫైబర్ తీగ లాక్కుంటూ పోతాయి. పదిసార్లు పోయి వస్తే లాభం, మూడోసారికే పేలిపోతే ఇంకొకటి పంపుతారు. మన సైన్యం కొనుగోలు విధానం మాత్రం ఒక్కో యంత్రం ఎన్నో ఏళ్లు మన్నాలనీ, మంచులోనూ ఎడారిలోనూ ఒకేలా నడవాలనీ ఆశిస్తుంది. ఈ రెండు రకాల సరుకూ ఒకే షెడ్డులో ఒకే ధరకు తయారుకావు.

ఉక్రెయిన్ నేల గురించి కోయిలకుంట్ల రైతుకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అక్కడిదీ నల్ల నేలే. తయారైన తీరు వేరైనా, వాన పడితే చక్రాన్ని పట్టుకునే గుణం మన రేగడికీ దానికీ ఉంది. శరత్కాలంలోనూ, మంచు కరిగే రోజుల్లోనూ అక్కడ ట్యాంకులే దిగబడి ఆగిపోయాయి. కుందూ నది వైపు నేలల్లో సెప్టెంబర్, అక్టోబర్ వానలకు ట్రాక్టర్ ఎలా దిగబడుతుందో, దాన్ని లాగడానికి వచ్చిన రెండో ట్రాక్టర్ కూడా ఎలా ఇరుక్కుంటుందో ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. శనగ విత్తే ముందు నేల ఆరిందా లేదా అన్నది కాలితో తొక్కి చెప్పగలరు. ఎండాకాలం వచ్చేసరికి అదే నేల చేయి పట్టేంత నెర్రెలిస్తుంది. చక్రాలా, పట్టాలా, ఎంత వెడల్పు, బరువు ఎక్కడ పడాలి అన్నవాటికి ఏడాది పొడవునా రెండు రకాల పరీక్ష ఒకే పొలంలో జరుగుతుంది. రాజస్థాన్ ఇసుకలో నడిచిన బండి రేగడి వానలో ఎలా నడుస్తుందో ఎవరూ అడగకపోవడం విచిత్రం.

రోబో అవసరం మనకు లేకపోలేదు. నాటుబాంబుల చరిత్ర ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఊరి బయట గడ్డివాములోనో బావిగట్టునో దొరికిన బాంబును బకెట్ నీళ్లలో వేసి మోసిన రోజులు పోలీసులకు గుర్తే. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద పేలిన క్లేమోర్ మైన్లు దారులు తనిఖీ చేసే పద్ధతినే మార్చాయి. 2025 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో జరిగిన ఆపరేషన్‌లో దాదాపు 450 ఐఈడీలు దొరికాయని కేంద్ర బలగాలు ప్రకటించాయి.  కానీ వ్యాపారి కోణంలో చూస్తే, మావోయిస్టు ఉద్యమం క్షీణిస్తున్న కొద్దీ ఈ గిరాకీ కూడా తగ్గుతుంది. బాంబు రోబోల కంపెనీలకు శాంతి కష్టకాలమే. ప్యాక్‌బాట్ కథలోనూ ఇరాక్ నుంచి సైన్యం వెనక్కి రాగానే ఆర్డర్లు పడిపోయాయి.

నల్లమలలో మాత్రం ఇంకో రకం అవసరం కనపడింది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. బురద, రాళ్లు, ఇనుప ముక్కలు కలిసిపోయిన చోటికి మనుషుల్ని పంపడం ప్రమాదమని, హైదరాబాద్‌కు చెందిన అన్వీ రోబోటిక్స్ యంత్రాలను దించారు. అందుకు ప్రభుత్వం నాలుగు కోట్ల రూపాయలు కేటాయించింది. మనుషుల జాడ పసిగట్టడంలో మాత్రం కేరళ పోలీసు కుక్కలే ముందున్నాయి. చివరికి ఇద్దరి మృతదేహాలే బయటికి వచ్చాయి. ఆ సొరంగంలో రోబో విజయం సాధించిందని ఎవరూ అనలేరు. అయినా బురదలో, చీకటిలో, సిగ్నల్ లేనిచోట నడిచే బండి సైన్యానికి ఎంత అవసరమో గనులకు, సొరంగాలకు, బనగానపల్లె చుట్టుపక్కల సున్నపురాయి క్వారీలకు అంతే అవసరమని ఆ రోజుల్లో తెలిసొచ్చింది. ఒక్క కొనుగోలుదారును నమ్ముకుని బతకలేని కంపెనీకి రెండో కాలు ఇక్కడే దొరకాలి. రెండో కాలు ఉన్నంత మాత్రాన గట్టెక్కుతారన్న హామీ లేదనుకోండి. సైనిక విభాగం అమ్మేసి ఇల్లు ఊడ్చే యంత్రాలనే నమ్ముకున్న ఐరోబోట్ 2025 డిసెంబర్‌లో దివాలా కోర్టుకెక్కింది.

హైదరాబాద్ వైపు చూస్తే ముడిసరుకంతా అక్కడుంది. స్వయా రోబోటిక్స్ డీఆర్‌డీవో ప్రయోగశాలలతో కలిసి నాలుగు కాళ్ల రోబోను, సైనికుడు ఒంటికి తొడుక్కునే ఎక్సోస్కెలిటన్‌ను తయారుచేసింది. 1993లో మొదలై సైనిక శిక్షణ సిమ్యులేటర్లతో ఎదిగిన జెన్ టెక్నాలజీస్ 2024లో ప్రహస్త అనే నాలుగు కాళ్ల రోబోనూ, బార్బరిక్ అనే తేలికపాటి రిమోట్ తుపాకీ మంటపాన్నీ చూపించింది. ప్రహస్తుడంటే రావణుడి సేనాపతి. ఆ పేరు ఎవరు ఎంచారో గానీ, ధైర్యమే. మరుసటి ఏడాది జెన్ భైరవ్ రోబోటిక్స్‌లో వాటా తీసుకుంది. జెన్‌కు ఇది నడుస్తుంది, ఎందుకంటే సిమ్యులేటర్ల మీద వచ్చే డబ్బు రోబోను పోషిస్తుంది. రోబో ఒక్కటే చేసే కుర్ర కంపెనీకి ఆ వెసులుబాటు లేదు.

కుర్ర కంపెనీకి ప్రభుత్వం డబ్బివ్వదని కాదు. 2018లో మొదలైన ఐడెక్స్ పథకం కింద కోటిన్నర దాకా, ఐడెక్స్ ప్రైమ్ కింద పది కోట్ల దాకా, 2024లో వచ్చిన అదితి పథకం కింద 25 కోట్ల దాకా గ్రాంటు వస్తుంది. 2025–26 రక్షణ బడ్జెట్లో కొనుగోళ్ల మూలధనంలో 75 శాతం, అంటే 1.11 లక్షల కోట్లకు పైగా, దేశీయ సరుకుకే కేటాయించారు. చిక్కల్లా నమూనా తర్వాత మొదలవుతుంది. సైన్యం ట్రయల్స్‌కు పిలుస్తుంది. ఎన్‌సీఎన్‌సీ అంటారు, ఖర్చూ నీదే, కొంటామన్న హామీ కూడా ఉండదు. లేహ్‌కు ఒకసారి, పోఖ్రాన్‌కు ఒకసారి బండిని, ఇద్దరు ఇంజనీర్లను, విడిభాగాల పెట్టెను సొంత డబ్బుతో తీసుకెళ్లాలి. ఆ తర్వాత టెండరు. టెండరులో ఎల్‌1, అంటే అతి తక్కువ ధర వేసినవాళ్లు, ఎవరైతే వాళ్లదే ఆర్డరు. నాలుగేళ్లు చెమటోడ్చిన కంపెనీని రెండు నెలల కిందట రంగంలోకి దిగినవాడు ధరతో కొట్టేయగలడు. అత్యవసర కొనుగోళ్ల దారిలో 300 కోట్ల దాకా త్వరగా కొంటారు. కానీ ఏడాదిలోపే సరుకు ఇవ్వాలి, దానికి వర్కింగ్ క్యాపిటల్ చిన్నవాడి దగ్గర ఉండదు. మార్కెట్ రిపోర్టులు ఈ రంగానికి రాసే వందల కోట్ల డాలర్ల అంకెల్లో ఈ ఖర్చులేవీ కనపడవు, అందుకే వాటిని ఇక్కడ చెప్పడం లేదు.

ఇంకో మెలిక విడిభాగాలది. సరిహద్దు కోసం ఆర్డరిచ్చిన 400 సరుకు రవాణా డ్రోన్ల కాంట్రాక్టులను, చైనా భాగాలున్నాయని సైన్యం 2025 ఫిబ్రవరిలో రద్దు చేసింది. విలువ దాదాపు 230 కోట్లు. నేల రోబోకూ అదే పరీక్ష. మోటారులో అయస్కాంతం, బ్యాటరీలో లిథియం సెల్, మోటార్ కంట్రోలర్ చిప్, థర్మల్ కెమెరా, నాలుగూ ఎక్కువగా బయటివే. అదే ఏడాది ఏప్రిల్‌లో చైనా అరుదైన లోహాల అయస్కాంతాల ఎగుమతికి లైసెన్సు పెట్టాక కార్ల కంపెనీలే తల పట్టుకున్నాయి. ఇక్కడే తెలుగువాళ్లకు చోటుంది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఎన్‌ఎఫ్‌టీడీసీ అయస్కాంతాల తయారీ పద్ధతిని రూపొందించింది. చీమకుర్తి గ్రానైట్‌తో పేరుపడ్డ మిడ్‌వెస్ట్ ఆ సాంకేతికతతో రంగంలోకి దిగుతోంది. టార్పెడోలకు, జలాంతర్గాములకు బ్యాటరీలు చేసే హెచ్‌బీఎల్ హైదరాబాద్‌దే. మచిలీపట్నం భారత్ ఎలక్ట్రానిక్స్‌లో రాత్రిపూట చూసే అద్దాలు, థర్మల్ పరికరాలు తయారవుతాయి. కవచపు ఉక్కుకు హైదరాబాద్‌లోనే మిథాని ఉంది. రోబో మొత్తాన్ని ఒక్కడే చేయాలన్న పట్టుదల వదిలితే, దేశంలో ఎవరు ఏ రోబో చేసినా మన దగ్గరి సరుకు కొనాల్సిన స్థితికి చేరవచ్చు. పాలకొలనులో పరీక్షించిన యూఎల్‌పీజీఎం–వీ3 తయారీలో భారత్ డైనమిక్స్, అదానీలతో పాటు 30 చిన్న పరిశ్రమలు పాలుపంచుకున్నాయి. ఆ 30లో చేరడమే కుర్ర కంపెనీకి గౌరవమైన దారి.

చంపే నిర్ణయాన్ని యంత్రానికి వదలొచ్చా అన్నది వేరే పెద్ద చర్చ, ఇక్కడ క్లుప్తంగా చెప్పి ఊరుకుంటాను. 2023 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో స్వయంచాలిత ఆయుధాలపై వచ్చిన తీర్మానానికి 152 దేశాలు అనుకూలంగా, నాలుగు వ్యతిరేకంగా ఓటు వేశాయి. ఆ నాలుగులో భారత్ ఒకటి. ఎగుమతి మీద ఆశ పెట్టుకున్న తయారీదారు ఈ విషయం గుర్తుంచుకోవాలి. రేపు ఐరోపాలో నియమాలు బిగిస్తే, తుపాకీ బిగించిన బండికన్నా స్ట్రెచరు మోసే బండికే తలుపు తెరిచి ఉంటుంది. నాకు ఆ బండి మీదే ఎక్కువ నమ్మకం, వ్యాపారంగానూ, వేరే రకంగానూ.

ఇక కోయిలకుంట్ల చుట్టుపక్కల వాళ్లు అడగాల్సింది ఒకటుంది. రక్షణ పరీక్షా కేంద్రాల కోసం కేంద్రం 2020 మేలో 400 కోట్లతో డీటీఐఎస్ అనే పథకం పెట్టింది. కేంద్రం 75 శాతం దాకా గ్రాంటు ఇచ్చేలా, మిగతాది రాష్ట్రం, పరిశ్రమలు కలిసి పెట్టుకునేలా దాన్ని రూపొందించారు. దాని కింద అనుమతించిన కేంద్రాలు రక్షణ కారిడార్లున్న ఉత్తరప్రదేశ్, తమిళనాడులకే వెళ్లాయి. డ్రోన్లకు ఒకటి తమిళనాడులో పెట్టారు. నేల రోబోలను వానాకాలపు రేగడిలోనూ, ఎండాకాలపు నెర్రెల్లోనూ, నల్లమల రాళ్లలోనూ నడిపి చూసే కేంద్రం నాకు తెలిసి ఎక్కడా లేదు. అలాంటిదొకటి ఇక్కడ పెడితే, ఎన్‌సీఎన్‌సీ ట్రయల్స్‌కు లేహ్ దాకా వెళ్లే ఖర్చు భరించలేని చిన్న కంపెనీలు వస్తాయి, వాటి వెంట లేత్ షాపులు, వెల్డర్లు, బ్యాటరీ మెకానిక్కులు, టైర్లు, పట్టాలు మార్చేవాళ్లు వస్తారు. 2025లో రాష్ట్రం ప్రకటించిన రక్షణ విధానంలో కర్నూలు–ఓర్వకల్లు క్లస్టర్‌ను డ్రోన్లకు కేటాయించారు. పాలకొలను రేంజ్ పక్కన, నంద్యాల జిల్లా వైపు రేగడి భూముల్లో నేల బండ్లకు ఒక పరీక్షా మైదానాన్ని ఆ విధానంలో చేర్చమని, అందుకు డీటీఐఎస్ లాంటి కేంద్ర పథకం కింద దరఖాస్తు పెట్టమని జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని, ఇంజనీరింగ్ కాలేజీలను, ఎమ్మెల్యేలను కలిసి అడగవచ్చు.